మళ్ళీరండమ్మ

నేను పళ్ళ డాక్టర్ని. నా కుర్చీలో పడుకున్నవాళ్ళు నోరు తెరవాల్సిందే తప్ప మాట్లాడే వీలుండదు కాబట్టి మాట్లాడేది ఎప్పుడూ నేనే. ఆ పని నీకు కాక ఇంకెవరికి కుదురుతుంది అంటాడు మా ఆయన. అననివ్వండి. ఆయనగారి నోట్లోంచి ఓ మాట రప్పించడం కంటే జ్ఞానదంతం పీకడం తేలిక. అంతంత లోపల దాచుకోబట్టే ఇదంతా జరిగింది.

మళ్ళీరండమ్మ పేరు నేను మొదట విన్నది నా కుర్చీలోనే. ఒక పెద్దాయన నోట్లో దూది పెట్టుకుని మరీ దాన్ని తిట్టాడు. ప్రభుత్వ ఆఫీసుల్లో నంబరు పిలిచే గొంతుకి జనం పెట్టుకున్న పేరట అది. లోపలికి వెళ్ళగానే మర ఒక టోకెన్ ఇస్తుంది. మనం కూర్చుంటాం. పైనున్న స్పీకర్లోంచి ఆడగొంతు ఒకటి నంబరు పిలిచి, ఏ కిటికీకి పోవాలో చెబుతుంది. అక్కడి ఉద్యోగి, ఏదో కాగితం తక్కువైందని మీట నొక్కితే, అదే గొంతు, "క్షమించండి. మీ పని కాలేదు. మళ్ళీ రండి" అంటుంది. పోనీ ఏడుపుగొట్టుగా అంటుందా అంటే అదీ లేదు. భోజనానికి పిలిచినంత ఆప్యాయంగా, నవ్వుతూ అంటుందట. జనానికి ఒళ్ళు మండేది అక్కడే.

"ఆ నవ్వుకి చెంప పగలగొట్టాలనిపిస్తుంది డాక్టరమ్మా," అన్నాడు పెద్దాయన, దూది తీశాక.

నాకు ఆ ఆఫీసుల్లో పని పడదు. పడ్డా మా ఆయన చూసుకుంటాడు. ఎందుకంటే ఆ మరలు పెట్టించిందే ఆయన. మొదట్లో ఓ చిన్న కంపెనీలో, కొట్లలో బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ రాసేవాడు. కొట్లు పోయి ఆసుపత్రులొచ్చాయి, ఆసుపత్రులు పోయి బ్యాంకులొచ్చాయి, చివరికి ఆ కంపెనీకే పెద్దయ్యాడు. పోయినేడు ప్రభుత్వం వాళ్ళు పిలిచి సాంకేతిక సలహాదారు అని తలుపు మీద బోర్డు పెట్టారు. ఇంట్లో బల్బు పోతే మార్చడం రాదు గానీ దేశానికి సలహాలిస్తున్నాడని నేను ఆటపట్టించేదాన్ని. నవ్వేవాడు కాదు. ఆ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ మనిషి అదోలా అయిపోయాడు. ఎదురుగా కూర్చుని అన్నం తింటూనే ఎక్కడో ఏదో వింటున్నట్టు తల పక్కకి వంచేవాడు. చెవిలో ఏమైనా పోసుకున్నారా అని అడిగితే ఉలిక్కిపడేవాడు.

మాకు పిల్లల్లేరు. మా ఆడపడుచు కూతుర్ని మేమే పెంచాం. పిట్ట అంటాం దాన్ని. దానికి మాటలు రాకముందే తల్లి పోయింది, తండ్రి ఇంకో సంసారం చూసుకుని చేతులు దులుపుకున్నాడు. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఎవరినైనా ఒక్కసారి చూస్తే చాలు, నడకా మాటా అచ్చు దించేస్తుంది. పక్కింటావిడ దీని ముందు గొంతెత్తడానికే భయపడుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం పిట్ట డ్రైవింగ్ లైసెన్సు కోసం పోయి, ఒళ్ళంతా చెమటతో ఇంటికొచ్చింది. చెప్పులు ఒకటటు, ఒకటిటు విసిరింది.

"మళ్ళీ రమ్మంది అత్తా ఆ దయ్యం! వేలిముద్ర సరిగ్గా పడలేదట. పొద్దున్నించీ కూచోబెట్టి ఇకిలిస్తుందా? ఎలా అంటుందో చూడు."

సోఫా ఎక్కి నిలబడింది. గొంతు సవరించుకుంది.

"క్షమించండి. మీ పని కాలేదు. మళ్ళీ రండి."

ఆ గొంతు నేనెరుగుదును. పద్దెనిమిదేళ్ళుగా వినకపోయినా, చెవికి అలాంటివి గుర్తుంటాయి. పిట్ట ఎవరినో వెక్కిరిస్తున్నాననుకుంటోంది. నాకు మాత్రం సోఫా మీద నిలబడి దాని తల్లే మాట్లాడినట్టుంది.

"ఏంటత్తా, అలా అయిపోయావ్? బాగా వచ్చింది కదూ?"

"వచ్చింది. దిగు ముందు," అన్నాను. "కాళ్ళు కడుక్కో పో."

ఇంకేం చెప్పను?

మా ఆడపడుచు నన్ను వదినా అని చచ్చినా పిలిచేది కాదు. నేను పళ్ళ చదువు చదువుతున్నానని "ఏమే పళ్ళూ" అనేది. మా ఆయన కొట్లకి బిల్లుల సాఫ్ట్‌వేర్ అమ్మే రోజుల్లో, బిల్లు అవగానే మాట్లాడే మర ఉంటే బాగుంటుందని ఆయనకి బుద్ధి పుట్టింది. గొంతు అద్దెకి తెచ్చే తాహతు ఎక్కడిది? చెల్లెలి గొంతు ఉండనే ఉంది. బయటి చప్పుడు పడకుండా బట్టల బీరువాలో దాన్ని కూచోబెట్టి, చుట్టూ దుప్పట్లు వేలాడదీశాడు. ఒకటి, రెండు, మూడు, ఎనభై, తొంభై, రండి, వెళ్ళండి, క్షమించండి, పని, కాలేదు, కిటికీ, తలుపు, ముందుముందు ఎక్కడ పనికొస్తాయోనని ఒక్కో మాటా విడివిడిగా చెప్పించాడు. తర్వాత ఎలా కావాలంటే అలా అతికించుకోవచ్చట. "నీ దుంప తెగ, ఉడికిపోతున్నాన్రా" అని లోపల్నించి అరుస్తుండేది. "మళ్ళీ రండి" అన్నది మాత్రం నవ్వుతూ చెప్పాలి, నవ్వితే వినేవాళ్ళకి తెలుస్తుంది అని పట్టుబట్టాడు. దానికి నవ్వు రావడం లేదు. నేను బీరువా ముందు నిలబడి మూతి వంకర్లు తిప్పాను, కళ్ళు తేలేశాను. అప్పుడు వచ్చింది నవ్వు. మనిషి పోయింది ఆ మరుసటేడే. కిడ్నీలు పాడయ్యాయని తెలిసేలోపే అంతా అయిపోయింది.

పిట్టకి ఊహ తెలిశాక మా ఆయన్ని అడిగాను, ఆ గొంతు ముక్కలు ఉంటే పిల్లకి ఒక్కసారి వినిపిద్దామని. అప్పట్లో ఫోన్లలో బొమ్మలూ మాటలూ దాచుకునే సంగతే లేదు కదా, అవి తప్ప దాని గొంతు ఎక్కడా లేదు. "ఆ కంప్యూటర్ పాడైపోయింది, అన్నీ పోయాయి" అన్నాడు. నమ్మాను. మొగుడు చెబితే నమ్మకపోతే ఎట్లా?

మర్నాడు క్లినిక్కి తాళం వేసి, పిట్ట చెప్పిన ఆఫీసుకి పోయాను. పొడుగాటి హాలు. వరసగా ఇనప కుర్చీలు, వాటి నిండా జనం. ఒళ్ళో కవర్లు, కవర్లలో కాగితాలు. నేను కూచున్నానో లేదో పైనుంచి పిలిచింది.

"అరవై. రెండు. మూడో. కిటికీ."

అదే. ముక్కు కొంచెం మూసుకున్నట్టు, "మూడో" అన్నప్పుడు చివర్న తేలిపోయే గొంతు. చుట్టూ మనుషులు కవర్లు సర్దుకుంటున్నారు, విసుక్కుంటున్నారు. నేను మాత్రం తలెత్తి స్పీకర్ వంక చూస్తూ కూచున్నాను. ఒకామె పని కాలేదు. "మళ్ళీ రండి" అంది గొంతు. ఆ రోజు బీరువాలో అది నవ్వింది నా మూతి చూసి. ఆ నవ్వుకే ఆమె ఏడుస్తూ కాగితాలు నేలకేసి కొట్టింది. వెనక ఎవరో, "నీ నోరు పడిపోను!" అన్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, ఎవరి మీదో కూడా తెలియలేదు.

లేచి పోదామని వెనక్కి తిరిగితే, చివరి వరసలో గోడవార మా ఆయన.

పొద్దున సమావేశం ఉందని ఇస్త్రీ చొక్కా వేసుకుని కార్లో వెళ్ళిన మనిషి. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తల పక్కకి వంచుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. వేళ్ళ మధ్య టోకెన్ ఉంది. పక్కనే నిలబడ్డా తెలియలేదు. భుజం మీద చెయ్యి వేశాను.

"ఇక్కడేం చేస్తున్నారు?"

"తనిఖీ," అన్నాడు.

"తనిఖీకి టోకెన్ ఎందుకండీ సలహాదారు గారూ?"

చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కొచ్చాను.

"కంప్యూటర్ పాడైపోయిందన్నారు కదా?"

"పాడవలేదు."

"తల్లి గొంతు పిల్లకి వినిపిద్దామని బతిమాలాను కదా మిమ్మల్ని? నోరు తెరిచి అబద్ధం ఎలా చెప్పారు?"

మెట్టు మీద కూలబడ్డాడు. "వినిపిస్తే అది అందరిదీ అయిపోతుంది. నా ఒక్కడికీ ఉంచుకోవాలనిపించింది."

"బాగుంది! ఇప్పుడు ఊరందరికీ పంచారుగా. తిట్లతో సహా."

అప్పుడు చెప్పాడు. ప్రభుత్వ కార్యదర్శి గారికి మర ఎలా పనిచేస్తుందో చూపించాల్సిన రోజుకి, అద్దెకి కుదుర్చుకున్న గొంతు రాలేదట. ఈ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక అలవాటుంది. ఏదైనా లేకపోతే, దొరికింది అక్కడ పెట్టి, "ఇప్పటికి ఇది ఉండనీ, తర్వాత మారుద్దాం" అంటారు. మా ఇంట్లో ఈయన ఇరవయ్యేళ్ళుగా అంటున్న మాటే. ఆ 'తర్వాత' అన్నది ఎన్నడూ రాదు. ఈయన చెల్లెలి గొంతు పెట్టాడు. కార్యదర్శి విని, "ఇంట్లో మనిషి మాట్లాడినట్టుందయ్యా, ఇదే ఉంచు" అన్నాడు. అంతే, ఆఫీసు ఆఫీసుకీ ఎక్కేసింది.

"మార్చొచ్చు కదా ఆ తర్వాతైనా?"

"మార్చొచ్చు," అన్నాడు. "మార్చాలనిపించలేదు. ఎక్కడికి పోయినా అక్కడ ఉంటోంది కదా."

నాకు జాలేసింది, మండింది కూడా. పిట్టకి చెప్పమన్నాను. చెబుతానన్నాడు. చెప్పలేదు. నేనే చెప్పేద్దును గానీ, అది రోజూ ఆ గొంతుని వెక్కిరించి నవ్వుతుంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకూ తోచలేదు.

ఆదివారం మధ్యాహ్నం. పిట్ట స్నేహితురాలింటికి పోయిందనుకున్నాను. బట్టలు మడతపెడుతున్నాను. ఆయన గదిలోంచి పిలుపు వినిపించింది.

"వదినా! టీ తాగావా?"

చేతిలో చీర అలాగే జారిపోయింది. మా ఆడపడుచు గొంతు. కానీ అది వదినా అనదు. పద్దెనిమిదేళ్ళ కింద పోయిన మనిషి, బతికున్నప్పుడు ఎన్నడూ అనని మాటతో పట్టపగలు నన్ను పిలుస్తోంది. నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. అయినా గోడ పట్టుకుని నడిచి తలుపు తోశాను.

కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. కొత్త రకం సాఫ్ట్‌వేర్ వచ్చిందట. పాత ముక్కలు దానికి వినిపిస్తే, ఇక ఏ మాట కావాలంటే ఆ మాట ఆ గొంతుతోనే చెబుతుందట. ఎంత సంబరంగా చెప్పాడో! చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో వెలుగు చూశాను, చూసి భయపడ్డాను.

"నిన్నే పలకరించింది చూశావా?"

"నన్ను పళ్ళూ అని పిలిచేది. మర్చిపోయారా?" అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. నిజంగానే మర్చిపోయాడు. "పళ్ళూ అని కూడా అనిపించొచ్చు," అని గొణుగుతూ మీటలు నొక్కబోయాడు. చెయ్యి పట్టుకున్నాను.

"అనిపించొద్దు. ఆ చెయ్యి తియ్యండి."

"ఎవరు మామయ్యా అది?"

వెనక తలుపులో పిట్ట. ఎంతసేపట్నించి నిలబడిందో! "అది మళ్ళీరండమ్మ కదా. మనింట్లోకి ఎందుకొచ్చింది? అత్తని వదినా అంటుందేంటి?"

ఇక ఈయనతో లాభం లేదని నేనే చెప్పాను, ముక్కకి ముక్క, బీరువాతో సహా.

పిట్ట ఏడవలేదు. గోడకి ఆనుకుని కింద కూర్చుంది. "నేను దాన్ని దయ్యం అన్నాను అత్తా," అంది. "కాలేజీలో అందరి ముందూ వెక్కిరించాను. చప్పట్లు కొట్టారు." తర్వాత మామయ్య వైపు తిరిగింది. "రోజూ మా అమ్మని ఎంతమంది తిడుతున్నారో నీకు తెలుసా? అక్కడ కూచుని వింటున్నావట కదా. నువ్వెలా వింటున్నావు?"

"నేను తిట్లు వినడంలేదు పిట్టా. దాన్నే వింటున్నాను."

"తీసెయ్ మామయ్యా. అన్ని చోట్లా తీసెయ్."

"తీసేస్తే ఇక ఎక్కడా ఉండదే. నీకేం కావాలో చెప్పు, దీంతో అనిపిస్తాను. నీ పేరు పెట్టి పిలిపిస్తాను. దా, ఇలా కూచో."

పిట్ట కంప్యూటర్ వంక చూసింది. లేవబోయింది. ఒక్క క్షణం, ఒప్పేసుకుంటుందేమో అనుకున్నాను.

"వద్దు," అంది చివరికి. "అమ్మ అనని మాట నాకెందుకు?"

ఆయన ఆ సాయంత్రం పిట్ట గదికి పోయి, పాత ముక్కలన్నీ దానికిచ్చాడు. మర్నాడు కార్యదర్శి దగ్గరికి పోయాడు. గొంతు మార్చాలంటే ఆ పెద్దమనిషి ససేమిరా అన్నాడట. జనం తిట్టేది గొంతుని కాదయ్యా, మనల్ని, గొంతు అడ్డం ఉంటే మనకే మంచిది అన్నాడట. చూడండి బుద్ధి! అప్పుడు మా ఆయన నిజం చెప్పేశాడు. అది చచ్చిపోయిన నా చెల్లెలి గొంతు, ఎవరి అనుమతీ లేకుండా, ఎవరికీ చెప్పకుండా నేనే పెట్టాను అన్నాడు. అయితే తప్పు ఎవరిదని ఫైల్లో రాయాలి అన్నాడు కార్యదర్శి. నాదని రాయండి అన్నాడు ఈయన. గొంతు మార్చడానికి ఒప్పుకున్నారు. తలుపు మీద బోర్డు ఊడింది. కంపెనీ వాళ్ళు కూడా, మీరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి సార్ అన్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగం ఒక్క మాటతో తుడిచిపెట్టుకుపోయింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, టీ పెట్టుకున్నాడు. ఆయన్ని చూసి మొదటిసారి నాకు గర్వంగా అనిపించింది, చెప్పాను కూడా.

పాత గొంతుకి ఆఖరి రోజున పిట్ట ఆ ఆఫీసుకి బయల్దేరింది.

"ఇంట్లో ఉందిగా నీ దగ్గర, ఎంతసేపైనా వినొచ్చు," అన్నాను.

"ఇంట్లో ఊరికే ఒకటీ రెండూ అని చదువుతున్నట్టుంటుంది అత్తా. అక్కడైతే పిలుస్తుంది."

నేనూ వెళ్ళాను. మా ఆయన కారు నడిపాడు, లోపలికొచ్చి మా పక్కనే కూచున్నాడు. పిట్ట టోకెన్ తీసుకుంది. కాసేపటికి దాని నంబరు పిలిచింది. పిట్ట లేవలేదు. చీటీని రెండు చేతుల్తో పట్టుకుని అలాగే వింది. ఎవరూ రాకపోతే ఆ మర మూడుసార్లు పిలుస్తుంది. మూడుసార్లూ పిలిచింది. ఇక రారనుకుని తర్వాతి నంబరు ఎత్తుకుంది. పిట్ట లేచి, మర దగ్గరికి పోయి ఇంకో టోకెన్ తెచ్చుకుంది.

అట్లా ఎన్నిసార్లో. మధ్యాహ్నం అయింది, భోజనాల వేళా దాటింది. పక్కన కూచున్నావిడ, "రేపట్నించి ఈ పీడ ఉండదట, విన్నారా?" అంది. మా ఆయన తల దించుకున్నాడు. పిట్ట మాత్రం, "బాగానే పిలుస్తోంది కదండీ," అంది మెల్లిగా. ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి కుర్చీ మారింది.

సాయంత్రానికి హాలు పలచబడింది. మర ఆపేస్తున్నామని ఉద్యోగి కేక వేశాడు. పిట్ట చేతిలో ఉన్నదే ఆఖరి టోకెన్. ఒక్కో కిటికీ మూసుకుంటోంది. అప్పుడు పిలిచింది.

"తొంభై. ఏడు. ఒకటో. కిటికీ."

పిట్ట కదల్లేదు. రెండోసారి పిలిచింది. మా ఆయన చెయ్యి నా చేతిని వెతుక్కుని పట్టుకుంది. మూడోసారి పిలిచింది.

"ఆఁ, వస్తున్నా," అంది పిట్ట, పైకే. ఇంట్లో నేను పిలిస్తే ఎట్లా అంటుందో అట్లాగే అంది. లేచి, చున్నీ సర్దుకుని, ఖాళీ కుర్చీల మధ్యగా నడిచి కిటికీ ముందు నిలబడింది.

"కాగితాలు ఇవ్వమ్మా," అన్నాడు లోపలి ఉద్యోగి.

"కాగితాలేం లేవండీ."

"మరి ఏం పని మీద వచ్చావు?"

"పనేం లేదండీ," అంది పిట్ట. "మా అమ్మ పిలిస్తే వచ్చాను."